కరోకే సామానుకి ఏ బండి? మూడేళ్లు ఏడు సీట్ల వ్యాను నడిపాక చెబుతున్నా

ముందే చెప్పేస్తున్నా, బండి నాకు నచ్చింది, ఐదుకి నాలుగిస్తా. కాకపోతే కొనేముందు కూర్చుని వేసిన లెక్కల్లో సగం పనికిరానివి, చూడాల్సినవి చూడనే లేదు, అదృష్టం కొద్దీ మంచి బండి దొరికింది. మీరు కూడా వారాంతాల్లో కరోకే ప్రోగ్రాములు చేస్తూ, ఉన్న కారులో సామాను పట్టక వెనక సీట్లో స్పీకర్‌ని కూర్చోబెట్టి దానికి బెల్టు పెట్టే దశలో ఉంటే ఇది మీకే. కంపెనీ పేరు రాయను. నేను మెచ్చుకునేవీ తిట్టేవీ ఈ తరహా బండ్లన్నింటికీ ఇంచుమించు వర్తిస్తాయి: రెండు పక్కలా జారే తలుపులు, మూడు వరసల సీట్లు, వెనక పైకి లేచే పెద్ద డోరు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను.

సామాను ఏముందో చెబితే గానీ మిగతాది అర్థం కాదు. 12 అంగుళాల పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) రెండు, ఒక్కోటి 18 కిలోలు. 15 అంగుళాల బేస్ బాక్స్ ఒకటి, 32 కిలోలు, దాన్ని మా ఇంట్లో అందరూ గున్న ఏనుగు అంటారు. మిక్సర్, వైర్‌లెస్ మైకుల రిసీవర్లు బిగించిన ర్యాక్ పెట్టె 25. పాట అక్షరాలు చూపడానికి పాడేవాళ్లకొకటి, జనానికొకటి టీవీలు, స్టాండ్లతో కలిపి 24. వైర్ల డబ్బాలు రెండూ 36, ఎందుకంటే వైర్ల బరువు ఎవరూ లెక్కలోకి తీసుకోరు, ఎత్తినప్పుడే తెలుస్తుంది. ఇంకా మైకుల పెట్టె, ల్యాప్‌టాప్, లైట్లు, మడత బల్ల, మడత ట్రాలీ. బాత్రూం తూకం మిషన్ మీద ఒక్కొక్కటీ పెట్టి చూస్తే మొత్తం 206 కిలోలు. నేను మహా అయితే 120 అనుకున్నా.

నిజానికి కరోకే మొదలైనప్పుడు ఈ మోత బాధ లేదు. 1971లో జపాన్‌లోని కోబెలో ఇనోవే డైసుకే తన పాటల పెట్టెలు తయారుచేసి బార్లకి అద్దెకిచ్చారు, పెట్టె అక్కడే ఉండేది, జనం వచ్చి పాడి వెళ్లేవాళ్లు. మనం తెలివిమీరి పెట్టెనే జనం దగ్గరికి మోసుకెళ్తున్నాం. ఆయన పేటెంట్ కూడా తీసుకోలేదు, అది వేరే కథ.

ఇంతకుముందు నా దగ్గరున్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. సీట్లు మడిస్తే వెయ్యి లీటర్లు దాటుతుందని కాటలాగులో ఉంది, మన సామానంతా కలిపినా అంత ఉండదు కదా అనుకున్నా. ఇక్కడే బోల్తా పడ్డాను. యూరప్‌లో డిక్కీ లీటర్లు కొలవడానికి వీడీఏ అనే పద్ధతి ఉంది, 200×100×50 మిల్లీమీటర్ల దిమ్మెలు, అంటే ఒక్కోటీ సరిగ్గా ఒక లీటరు, అవి లోపల ఎన్ని పడతాయో లెక్కపెడతారు. ఇటుకంత కూడా లేని దిమ్మె ప్రతి సందులోనూ దూరుతుంది, చక్రం గూడు పక్కనా పడుతుంది, అద్దం వాలు కిందా పడుతుంది. మన స్పీకర్ దూరుతుందా? 60 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, ఒకే ముద్ద. ర్యాక్ సంగతి ఇంకా మొండి: లోపల బిగించే సామాను ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు, ఎక్కడ కొన్నా అంతే, దాని చుట్టూ పెట్టె, మూలలకి ఇనుప బొడిపెలు, అన్నీ కలిపి నాది 55 సెంటీమీటర్లకొచ్చింది. లోపల చోటున్నా డోరు దగ్గరే ఇరుక్కుంది, రెండు వేళ్ల మందంలో. చివరికి ముందు సీటు వెనక్కి వాల్చి పక్క తలుపులోంచి తోశాను, సీటు బట్ట చిరిగింది.

కాబట్టి లీటర్లు వదిలేయండి. టేపు పట్టుకెళ్లి మూడు కొలతలు తీసుకోండి: వెనక డోరు తెరిచాక ఆ కంత వెడల్పు, ఎత్తు (అన్నిటికన్నా ఇరుకైన చోట), చక్రాల గూళ్ల మధ్య దూరం, సీట్లు మడిచాక నేల పొడవు. వీటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది, దానికి వస్తాను. టేపుని కూడా నేను పెద్దగా నమ్మను, బేస్ బాక్స్ కొలతల్లో ఒక అట్టపెట్టె, ర్యాక్ కొలతల్లో ఇంకోటి టేపులేసి తయారుచేసుకుని బండి చూడ్డానికి వెళ్లినప్పుడల్లా వెంట తీసుకెళ్లాను. అమ్మేవాళ్లు వింతగా చూశారు. మా బావమరిది అయితే "బావా, ఖాళీ పెట్టెలు ఎక్కించి దించుతుంటే మనకేదో అయిందనుకుంటారు" అని దూరంగా నిలబడ్డాడు. అనుకోనీ. ఆ రెండు పెట్టెల వల్లే మూడు బండ్లు పది నిమిషాల్లో లిస్టులోంచి ఎగిరిపోయాయి.

ఇప్పుడు ఆ ముఖ్యమైనది. నేల నుంచి డిక్కీ అంచు ఎంత ఎత్తులో ఉంది? ఎవరూ అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు, నేనూ అడగలేదు. బండి చూసేది పగలు, ఒంట్లో ఓపికుండగా, ఖాళీ చేతులతో. సామాను ఎక్కించేది అర్ధరాత్రి దాటాక, నాలుగు గంటలు నిలబడి, ఆఖరి పాట తర్వాత ఇంకొక్కటి ఇంకొక్కటి అని మూడు పాటలు పాడించి, గొంతు పోయి, సాయం చేస్తానన్నవాళ్లంతా ఇళ్లకి వెళ్లిపోయాక. అప్పుడు ఆ గున్న ఏనుగుని ఎత్తాలి. ఒకాయన తన పెద్ద ఎస్‌యూవీ ఇస్తానంటే దాంతో రెండు ప్రోగ్రాములు చేశాను, దాని అంచు ఎత్తు కొలిస్తే 78 సెంటీమీటర్లు, అంటే నా నడుం దాకా. పైగా అంచు దాటాక లోపల నేల ఒక మెట్టు కిందికి ఉంది, అంటే ఎత్తి, అంచు మీంచి దాటించి, వంగి మళ్లీ లోపలికి దించాలి. ఆ వంగి దించడం ఉంది చూశారూ, నడుం పట్టేసేది అక్కడే. రెండో ప్రోగ్రాం మర్నాడు మంచం దిగడానికి పక్కకి దొర్లాల్సి వచ్చింది. చూడ్డానికి రాజసం, మోతకి మాత్రం చెత్త బండి, ఇది నా అభిప్రాయం, ఎస్‌యూవీ ఉన్నవాళ్లు కోప్పడకండి.

ఇప్పటి వ్యాను అంచు 58 సెంటీమీటర్లు. మోకాలి మీద ఒక జానెడు. లోపల నేల అంచుతో సమానంగా ఉంటుంది, మెట్టు లేదు. బేస్ బాక్స్‌ని ట్రాలీ మీంచి కొంచెం వాల్చి, ఒక అంచు బండి మీద ఆనించి, వెనక నుంచి నెట్టడమే, ఎత్తే పనే లేదు. 20 సెంటీమీటర్ల తేడా కాగితం మీద ఏముంది అనిపిస్తుంది, రాత్రి ఒంటిగంటకి ఒంటరిగా ఉన్నప్పుడు అదే మొత్తం తేడా. నేను ఇచ్చే నాలుగు మార్కుల్లో రెండు దీనికే.

పక్కకి జారే తలుపులు ఇంకో వరం. ఫంక్షన్ జరిగేచోట బండి ఎప్పుడూ గోడకి ఆనించో, ఇంకో కారు మూతికి డిక్కీ తగిలేలాగో పెట్టాల్సి వస్తుంది, వెనక డోరు పూర్తిగా లేవడానికి చోటుండదు. అప్పుడు పక్క నుంచి దించేస్తా. ఆ పెద్ద వెనక డోరు వల్ల వానలో గొడుగులాంటి లాభం కూడా ఉంది, దాని కింద నిలబడి వైర్లు చుట్టుకోవచ్చు.

సీట్ల గురించి జాగ్రత్తగా చూడండి, ఏడు సీట్లంటే అన్నీ ఒకేలా మడవవు. నా బండిలో ఆఖరి వరస నేలలోకి దిగిపోతుంది, మధ్య వరస మాత్రం విప్పి బయటికి తీయాలి. ఒక్కో సీటు చిన్న బేస్ బాక్సంత బరువు. తీసి ఎక్కడ పెడతారు? నావి మూడేళ్లుగా ఒక గది మూలన ఉన్నాయి, ఇంటికొచ్చిన పిల్లలు వాటి మీద కూర్చుని బండి నడుపుతుంటారు. క్రైస్లర్ వాళ్లు 2005 మోడల్ నుంచి స్టో ఎన్ గో అని తెచ్చారు, మధ్య వరస కూడా నేలలోకి దిగిపోతుంది. నేను మళ్లీ కొంటే అలాంటిదే చూస్తా. అయితే వాళ్లదే పసిఫికా వ్యాను హైబ్రిడ్ రకంలో ఆ నేల గుంటల్లో బ్యాటరీ ఉంటుంది, మధ్య వరసకి ఆ సౌకర్యం లేదు, పేరు ఒకటే కదా అని మోసపోకండి. టొయోటా సియెన్నా 2021 నుంచి వచ్చినవాటిలో మధ్య సీట్లు విప్పి తీసేలా ఇవ్వలేదు, ముందుకి జరిపి సర్దుకోవాల్సిందే, కుటుంబానికి బంగారం లాంటి బండి, సామాను మోయడానికి మాత్రం ఆ ఒక్క విషయం చూసుకోండి. చిన్న కారే కావాలి, బేస్ బాక్స్ లేదు అనుకుంటే హోండా జాజ్ ఒకటుంది, పెట్రోలు ట్యాంకు ముందు సీట్ల కింద పెట్టడం వల్ల వెనక సీటు అడుగుభాగం పైకి లేచి గోడలా నిలబడుతుంది, ఆ సందులో టీవీని నిలువుగా పెట్టేయొచ్చు. టీవీని పడుకోబెట్టి తీసుకెళ్లకండి, దాని మీద ఏమీ పెట్టకపోయినా సరే. నేనొకసారి అలా తీసుకెళ్లా: ఒక గుంత, తెర మధ్యలో గీత, ఆ రోజు సగం పాటలకి అక్షరాలు కనపడలేదు, అయినా జనం పాడారు, అది వాళ్ల గొప్ప.

బరువు సంగతి చాలామంది వదిలేస్తారు. చోటుంది కదా అని నింపేస్తాం. డ్రైవర్ తలుపు తీస్తే ఆ చట్రం మీదో, బండి పుస్తకంలోనో ఎంత మోయొచ్చో రాసి ఉంటుంది, అందులో మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది. నా బండికి 480 కిలోలు. నేనూ బావమరిదీ కలిపి 150, సామాను 206, అంటే 356, హాయిగా సరిపోయింది. ఒకసారి ఇంకో ఇద్దరు స్నేహితులు "మేమూ వస్తాం" అన్నారు, సీటొకటి తెచ్చి బిగించాను, వాళ్లిద్దరూ ఇంకో 150. మొత్తం 506. చోటుంది, సీట్లున్నాయి, లెక్క మాత్రం 26 కిలోలు దాటింది. దారిలో బ్రేకు నొక్కితే బండి ఆగడానికి ఆలోచించుకుంటున్నట్టు అనిపించింది, గతుకుల్లో వెనక కింద తగిలింది. అప్పటి నుంచి వాళ్లు వాళ్ల బండిలో వస్తారు. టైర్లలో గాలి కూడా నిండు బరువుకి ఎంతుండాలో వేరే అంకె రాసి ఉంటుంది, ప్రోగ్రాం రోజు పొద్దున్నే ఆ అంకెకి పట్టించండి.

కట్టడం. ఇది చదివేవాళ్లలో సగం మంది కట్టరని నాకు తెలుసు, నేనూ మొదటి ఏడాది కట్టలేదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న బండి దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు 14 రెట్లతో ముందుకి తోస్తుంది. 18 కిలోల స్పీకర్ 250 కిలోల మనిషై మీ వీపు మీదికి వచ్చినట్టు. దుప్పట్లు కప్పితే గీతలు పడవు, అంతే, ఆపేది దుప్పటి కాదు. బండి నేలకి కొక్కేలు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. సాదా రవాణా వ్యాన్లలో నాలుగో ఆరో ఉంటాయి, కుటుంబ బండ్లలో చాలావాటికి ఉండవు లేదా పల్చటి ప్లాస్టిక్‌వి ఉంటాయి. నాకు లేవు. విప్పిన సీట్ల బోల్టులు ఉండే చోట గట్టి కొక్కేలు బిగించుకుని ర్యాచెట్ పట్టీలు (మీట ఆడించి బిగించేవి) వాడుతున్నా. బరువైనవి కింద, ముందు సీట్ల వీపుకి ఆనించి, తేలికవి వెనక, పైన. బేస్ బాక్స్ వెనక డోరు దగ్గర పెడితే ఎక్కించడం దించడం సులువే, కానీ మలుపుల్లో బండి తోక ఊపుతుంది.

ఒక్క మినహాయింపు ట్రాలీ. చివర ఎక్కించింది ముందు దిగుతుంది కాబట్టి ట్రాలీ ఎప్పుడూ డోరు పక్కనే. ఒకసారి మర్చిపోయి అన్నిటికన్నా కింద పెట్టాను, దాన్ని తీయడానికి సామానంతా చేత్తో దించాను, దించేశాక ఇంక ట్రాలీ దేనికి?

మిగతా రకాలు గబగబా చెప్పేస్తా. సీట్లు లేని రవాణా వ్యాను, కంగూ, బెర్లింగో, క్యాడీ లాంటివి, కేవలం మోతకే అయితే నా బండికన్నా మంచివి, దాపరికం లేదు. గోడలు నిటారు, కొక్కేలు ఉంటాయి, డ్రైవర్‌కీ సామానుకీ మధ్య అడ్డుగోడ ఉంటుంది, అద్దాల్లోంచి ఏముందో బయటికి కనపడదు. వారానికి మూడు నాలుగు ప్రోగ్రాములు చేసేవాళ్లు రెండో ఆలోచన లేకుండా అదే తీసుకోండి. నాకు నెలకి మూడు నాలుగు, మిగతా రోజులు ఇంట్లోవాళ్లతో తిరగాలి, అందుకే కుదరలేదు. ఖాళీగా నడిపితే లోపల డప్పు మోగినట్టు ఉంటుంది. ఎత్తు వ్యాన్లు అసలు వద్దు, సెల్లార్ పార్కింగులు చాలావాటి ఎత్తు 2 మీటర్ల దగ్గర ఉంటుంది, హోటల్ కింద దాకా వెళ్లి వెనక్కి రావాల్సి వస్తే ఆ రోజు మూడ్ అక్కడే పోతుంది. ఎస్టేట్ కార్లు, అంటే వెనక పొడుగు డిక్కీ ఉన్న కార్లు, బాగుంటాయి, అంచు తక్కువ, నడపడం కారులాగే, కాకపోతే ఎత్తు చాలదు, స్పీకర్లని పడుకోబెట్టాలి. ట్రైలర్ వాడి చూశాను, వెనక్కి తీయడం నాకు రాలేదు, అంతకు మించి దాని గురించి మాట్లాడే అర్హత నాకు లేదు.

ఎలక్ట్రిక్ బండ్ల గురించి చాలామంది అడుగుతున్నారు. అయోనిక్ 5 లాంటివాటిలో బండి నుంచే 3.6 కిలోవాట్ల దాకా కరెంటు తీసుకోవచ్చు, మన సెటప్‌కి ఎక్కువే, తోటల్లో చేసే ప్రోగ్రాములకి జనరేటర్ గోల లేకుండా పోతుంది. ఆశగానే ఉంది. డిక్కీ అంచు ఎత్తు మాత్రం టేపు పెట్టి చూసుకోండి, మళ్లీ అదే మాట.

ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే నిజం చెప్పండి. సొంత వాడకం అని రాయించుకుని డబ్బులకి ప్రోగ్రాములు చేస్తుంటే రేపు ఏదైనా జరిగినప్పుడు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. బండి పాలసీ వేరు, లోపలున్న సామాను వేరు, బండితో పాటు స్పీకర్లు కూడా కవర్ అవుతాయని అనుకోకండి, కాగితం మీద చూసుకోండి. రాత్రి సామాను బండిలో వదిలేయడం నేను మానేశాను. దొంగల భయం ఒకటి, ఎండ ఇంకోటి, అద్దాలు మూసి ఎండలో పెట్టిన బండిలో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి ఎక్కుతుంది, ల్యాప్‌టాప్, మైకుల బ్యాటరీలు అందులో ఉడకకూడదు. చలికాలంలో దీనికి తలకిందులు, రాత్రంతా చల్లబడ్డ మిక్సర్‌ని వెచ్చటి హాల్లోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే లోపల తేమ పట్టి ఉంటుంది, ఒక అరగంట ఆగండి. ఒళ్లు వంగకపోయినా ల్యాప్‌టాప్, మైకుల పెట్టె అయినా ఇంట్లోకి మోసుకెళ్లాలి.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. జారే తలుపు పట్టాలో ఇసుక పడితే బిగుసుకుపోతుంది, మొదటిసారి రిపేరుకి ఇస్తే తలుపు మోటారే మార్చాలన్నారు, చివరికి పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేస్తే బాగైంది. అది క్షమించాను. క్షమించనిది లోపలి లైటు. ఏడుగురు కూర్చునే బండికి డిక్కీలో మిణుగురు పురుగంత లైటు ఒక్కటిచ్చారు, అదీ ఎడమవైపు కింద, సామాను పెట్టగానే మూసుకుపోయే చోట. చీకట్లో ఫోన్ నోట్లో కరుచుకుని పట్టీలు బిగించేవాణ్ణి. ఒక రాత్రి రెండు మైకులు నేల మ్యాట్ మీద, నలుపు మీద నలుపు, కనపడక పెట్టెలో లేవని వెనక్కి హాలుకి వెళ్లి వాచ్‌మన్‌ని లేపి కుర్చీలన్నీ వెతికించాను. ఆయన "మీ బండిలో చూశారా సార్?" అని మూడుసార్లు అడిగాడు, చూశానన్నాను. పొద్దున దొరికాయి. ఇప్పుడు పైకప్పుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎల్‌ఈడీ పట్టీ అంటించాను, మైకులకి పసుపు టేపు చుట్టాను. ఆ హాల్లో తర్వాతి ప్రోగ్రాం వచ్చే నెల, వాచ్‌మన్‌కి ముందు పాట అవకాశం ఇస్తానని చెప్పి ఉంచా.